బంద్ అంటే ఒక్కటే బంద్ కాదు: ఆపుడుకు ఇంగ్లీషుల ఎన్ని మాటలో, అన్ని లెక్కలు

మన దిక్కు దేనికైనా ఒక్కటే మాట: బంద్. పని బంద్ అయింది, పింఛన్ బంద్ అయింది, బస్సు బంద్, బడి బంద్, కరెంటు బంద్. మాట్లాడుకునేకాడ గంతే సాలు, ఎదుటోనికి సమజైతది. కని ఆఫీసు నుంచి కాయిదం వచ్చినప్పుడు అండ్ల బంద్ అని రాయరు. సస్పెండ్ అని రాస్తరు. టర్మినేట్, డిస్మిస్, క్యాన్సిల్, స్టే, రైటాఫ్ అని రాస్తరు. మనం అన్నింటినీ బంద్ కిందనే సదువుకుంటం. నష్టం ఆడ్నే మొదలైతది. ఎందుకంటే ఒక్కో మాట ఎనుక ఒక్కో లెక్క ఉన్నది. కొన్ని మాటలకు పైసలు రావాలె, కొన్నింటికి మల్ల పని రావాలె, కొన్నింటికి ఏదీ రాదు.

మన భాషల మాటలు లేక కాదు. వాన ఆగింది అంటే మల్ల పడ్తదేమో అని, వాన ఎలిసింది అంటే మొగులు తేటబడ్డది అని మనకు తెలుసు. బీడీ ఆపిండు వేరు, బీడీ మానేసిండు వేరు. ఆపుడు, నిలుపుడు, తెంపుడు, ఎత్తేసుడు, ఒడ్సిపోవుడు, ఇన్ని మాటలున్నయి. కని పేపర్లల్ల చట్టం పోయినా రద్దే, రైలు పోకున్నా రద్దే, అసెంబ్లీ కూలినా రద్దే. గందుకే కాయిదం మీద ఉన్న ఇంగ్లీషు మాటనే పట్టుకోని సదువుడు నేర్సుకోవాలె.

కొలువుకాడ

సస్పెండ్ అంటే కొలువు పోయినట్టు కాదు. విచారణ అయ్యేదాక పక్కకు పెట్టిండ్రు అంతే. నువ్వు ఇంకా ఆ కంపెనీ మనిషివే. చట్టం కింద కార్మికుని లెక్కల వచ్చేటోళ్లకు మొదటి 90 దినాలు సగం జీతం బతుకుదెరువు భత్యం కింద ఇయ్యాలె. విచారణ ఇంకా సాగితే, ఆ ఆలస్యం నీ వల్ల కాకుంటే, ముప్పావు జీతం ఇయ్యాలె. ఇది తెల్వక శానమంది సస్పెండ్ కాగానే ఊరికొచ్చి పండుకుంటరు.

లే ఆఫ్ అంటే అసలు అర్థం తాత్కాలికం. బొగ్గు లేదు, కరెంటు లేదు, మిషన్ చెడిపోయింది, గందుకే కొన్నొద్దులు పని ఇయ్యలేం అనుడు. యాబై మందికి తక్కువ లేని ఫ్యాక్టరీలల్ల దానికి సగం జీతం లెక్కున్నది. ఇయ్యాల సాఫ్టువేరు కంపెనీలు మనుషులను శాశ్వతంగ తీసేసి గూడ లే ఆఫ్ అంటున్నయి. మన చట్టంల దాని పేరు రిట్రెంచ్‌మెంట్. అంటే నీ తప్పేం లేకున్నా మనుషులు ఎక్కువైండ్రని తీసేసుడు. ఏడాది సర్వీసు, అంటే 240 దినాల పని, నిండిన కార్మికుణ్ని గట్ల తీసేస్తే నెల ముందు నోటీసియ్యాలె, లేకుంటే ఆ నెల జీతమియ్యాలె. పైంగ చేసిన ఒక్కో ఏడాదికి 15 దినాల జీతం కట్టియ్యాలె. కొత్త లేబర్ కోడుల గూడ ఈ లెక్క ఉన్నది.

గందుకనే కొందరు మేనేజర్లు మెల్లగ పిలిచి, ‘నీ మంచికే చెప్తున్న, రిజైన్ రాసియ్యి’ అంటరు. రిజైన్ అంటే నువ్వే ఇడిసిపెట్టినట్టు. నీ సంతకంతోని ఆ నష్టపరిహారం గంగల కలుస్తది. కాంట్రాక్టు మియాదు అయిపోయింది, రెన్యువల్ చెయ్యలేదు అంటే గూడ రిట్రెంచ్‌మెంట్ లెక్కల రాదు. ఔట్‌సోర్సింగ్ పిల్లలు చేరిననాడే మియాదు ఎప్పటిదాకనో సూసుకోవాలె.

సర్కారు కొలువుల ఇంకో తేడా ఉన్నది. రిమూవ్ అయితే మల్ల వేరే సర్కారు కొలువుకు దారి ఉంటది. డిస్మిస్ అయితే మామూలుగ ఆ దారి గూడ మూసుకపోతది. రెండింటికీ ముందు ఆరోపణ ఏందో చెప్పాలె, విచారణ జరపాలె, నీ మాట ఇనాలె. రాజ్యాంగం 311వ అధికరణంల ఉన్నది ఇదే.

మరి 2019ల ఏమైంది? అక్టోబర్ 5న ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగితే, డ్యూటీకి రానోళ్లు ‘సెల్ఫ్ డిస్మిస్’ అయినట్టే అన్నరు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్. దగ్గర దగ్గర 48 వేల మంది బతుకు ఒక్క మాటల తేల్చిండ్రు. డిస్మిస్ అంటే యజమాని చేసేది, అదీ విచారణ చేసినంక. తనంతట తాను పోవుడు అంటే రాజీనామా, అది కార్మికుడు రాసియ్యాలె. సెల్ఫ్ డిస్మిస్ ఈ రెండింట్ల ఏదీ కాదు. 52 దినాల సమ్మె ఒడ్సినంక ఆ కార్మికులే మల్ల డ్యూటీ ఎక్కిండ్రు. కని ఆ మాటకు బెంగటిల్లి నడుమ ఎన్ని ఇండ్లల్ల పొయ్యి ఎలగలేదో మనకెరుకే.

ఢిల్లీ రైతులు మాటను పట్టుకున్న తీరు

మాట తేడా తెలిస్తే ఎంత బలమో సూడాలంటే రైతుల పోరాటం సూడాలె. మూడు సాగు చట్టాలు 2020 సెప్టెంబర్ల అచ్చినయి. 2021 జనవరి 12న సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. స్టే అంటే చట్టం బతికే ఉంటది, నడవది. కోర్టు స్టే ఎత్తేసిననాడు మల్ల లేచి కూసుంటది. రైతులు కదలలేదు. జనవరి 20న కేంద్రం ఇంకో మాట తెచ్చింది: ఏడాదిన్నర దాక సస్పెండ్ చేస్తం అని. తెల్లారే రైతులు కుదరదన్నరు. వాళ్లు అడిగింది ఒక్కటే మాట: రిపీల్. పార్లమెంటు చేసినదాన్ని పార్లమెంటే ఎత్తేసుడు. నవంబర్ 29న అదే పార్లమెంటుల రిపీల్ బిల్లు పాసైంది.

ఇంకో ముచ్చట ఇనుండ్రి. డిసెంబర్ 9న రైతు సంఘాలు ఇంటికి పోతం అన్నప్పుడు పోరాటం ఒడ్సింది అనలేదు. సస్పెండ్ చేస్తున్నం అన్నరు. మద్దతు ధర చట్టం ఇంకా రాలేదు గద. సర్కారు తమకు ఇయ్యజూసిన మాటనే తిప్పి సర్కారు ముంగట పెట్టిండ్రు.

బ్యాంకుకాడ

మాఫీ అంటే వేవర్. అప్పు పోయినట్టే. రైటాఫ్ అట్ల కాదు. బ్యాంకు తన పుస్తకంల మొండి బాకీని పక్కకు తీసి రాసుకుంటది, నీ బాకీ నీ మీదనే ఉంటది, వసూలుకు ఎప్పుడైనా రావచ్చు. టీవీల రైటాఫ్ అని ఇని అప్పు పోయింది అనుకోవద్దు.

ఫోనుల లోన్ యాపులతోని తిప్పలు పడే పోరలు ఇంకోటి యాది పెట్టుకోవాలె. అప్పు మొత్తం కడితే సిబిల్ల క్లోజ్డ్ అని పడ్తది. ఎంతో కొంతకు మాట్లాడుకుంటే సెటిల్డ్ అని పడ్తది. రేపు ట్రాక్టరుకో సదువుకో లోన్ కోసం పోతే ఆ సెటిల్డ్ మాట అడ్డం పడ్తది. ఇగ ఫోర్‌క్లోజర్ అంటే మన బ్యాంకులల్ల మియాదుకు ముందే లోన్ కట్టి తెంపుకునుడు, సంబురపడే మాట. అమెరికాల మన తెలుగోళ్లకు అదే మాట ఇంటికి ముప్పు, ఆడ లోన్ కట్టనోళ్ల ఇల్లు బ్యాంకు గుంజుకునుడు.

కాయిదం చేతికొస్తే

ఇంగ్లీషు రాదని సిగ్గుపడే పనిలేదు. ఐదు సంగతులు అడుగుండ్రి. రాసిన మాట ఏంది? కొన్నొద్దులకా, శాశ్వతంగనా? ఏ తారీకు నుంచి? ఏ రూల్ కింద, ఎవరి సంతకంతోని? దీని మీద అప్పీలు యాడ చేసుకోవాలె, ఎన్ని దినాలల్ల? వీటికి జవాబు నోటితోని చెప్తే ఒప్పుకోవద్దు, రాసియ్యమనాలె. ‘ఈడ సంతకం పెట్టు, ఏం కాదు’ అంటే కాయిదం ఫోటో తీసుకోని, సంఘపోళ్లకో వకీలుకో సూపెట్టినంకనే పెన్ను పట్టాలె.

సర్కారును గూడ ఒక్కటి అడగాలె. మన బతుకును ఆపే కాయిదం మనకు అర్థమయ్యే భాషల ఎందుకు రాదు? అన్నింటికీ రద్దు అనే ఒక్క మాట రాసి చేతులు దులుపుకునుడు కాదు, ఆపిండ్రా తెంపిండ్రా అన్నది తెలుగుల తేటగ రాయాలె. గట్ల రాసేదాక, పంచాయతీ ఆఫీసుకు కాయిదం పట్టుకోని పోయే పెద్దమనిషి ఎంబడి సదువుకున్న ఒక్క పోరడో పోరో పోవాలె.