పసివారి దిగులును తెలిపెడి బొమ్మలు

లేపాక్షి వీరభద్రాలయమునకు మా చిన్న తరగతుల పిల్లలను తోడ్కొనిపోయినప్పుడెల్ల మేమొక సంగతిని గమనించుచున్నాము. మండపపు కప్పుపై 16వ శతాబ్దపు చిత్రకారులు వ్రాసిన శివపార్వతుల పాచికలాటను చూపగానే, తరగతిలో నోరు విప్పని పిల్లలు సయితము “ఈమె గెలిచినది, ఆయనకు కోపము వచ్చినది” అని తమకు తోచినట్లు చెప్పుదురు. తన మనస్సును గూర్చి చెప్పలేని బిడ్డ బొమ్మను గూర్చి చెప్పగలడు. పసివారి ఆందోళనను తెలిసికొను పద్ధతులు కొన్నింటికి ఇదియే పునాది.

ఐదారేండ్ల బిడ్డను “నీకు భయముగా నున్నదా?” అని అడిగినచో ఊరకుండును, లేదా పెద్దలు కోరిన జవాబునే యిచ్చును. వాని భయము కడుపునొప్పిగనో, మారాముగనో, మౌనముగనో బయటపడును. కావుననే శాస్త్రజ్ఞులు బొమ్మల నాశ్రయించిరి.

ఈ పద్ధతులలో ముఖ్యమైనవి రెండు. మొదటిది కథ చెప్పించుట. 1949లో అమెరికాయందు బెల్లాక్ దంపతులు మూడు మొదలు పదియేండ్ల వయస్సు పిల్లలకై జంతువుల బొమ్మలు గల 10 పటములను ప్రకటించిరి. బిడ్డ యల్లిన కథనుబట్టి వాని లోపలి చింతను ఊహింతురు. రెండవది ముఖమును చూపించుట. నవ్వు మొదలు ఏడుపు వరకు వరుసగా గీచిన ముఖములలో తనకు సరిపోవుదానిపై బిడ్డ వ్రేలు పెట్టును. పంటి వైద్యులు దీనిని మిక్కిలిగా వాడుచున్నారు. 2016లో మన దేశపు దంతవైద్యులు ఛోటా భీమ్, చుట్కీల ముఖములతో అట్టి కొలబద్ద నొకదానిని ప్రకటించిరి. బాలురకు భీమ్, బాలికలకు చుట్కీ. ఈ బొమ్మలు మన హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థలో పుట్టి, 2008 నుండి టెలివిజనులో పిల్లలకు చెలికాండ్రయినవి. ఎరిగిన ముఖమైనచో బిడ్డ జంకడు గదా!

మా పొరపాటు నొకదానిని చెప్పెదము. కొన్ని యేండ్ల క్రిందట ఒకటవ తరగతి బాలిక యొకతె ప్రతిదినము లెక్కల వేళ ఏడ్చుచుండెను. లెక్కలకు వెరచుచున్నదని మేము తలచి సులభమైనవి యిచ్చితిమి. ఏడుపు మానలేదు. తుదకు పలకపై ఐదు ముఖములు గీచి, ఒక్కొక్క పనిని పేర్కొనుచు వ్రేలు పెట్టుమంటిమి. లెక్కలనగా నవ్వుముఖమును చూపినది. ఇంటికి విడుచు గంట యనగానే కడపటి యేడుపుముఖమును చూపినది. వానలు లేని యా యేట తండ్రి బెంగుళూరికి కూలికి పోయెను. తల్లి ప్రొద్దు గ్రుంకినగాని పనినుండి రాదు. తాళము వేసిన యింటి గడపపై ఆ పిల్ల యొంటరిగా కూర్చుండవలెను. లెక్కలు కడపటి గంటలో నుండుటచే మేము మోసపోతిమి. తల్లితో మాటలాడి, ప్రక్కింటి అవ్వ యొద్ద నుంచునట్లు చేసిన పిమ్మట ఏడుపు క్రమముగా తగ్గెను.

అయితే బొమ్మ తీర్పరి కాదు. ముందుగా “నవ్వుచున్న దేది?” అని అడిగి, బిడ్డకు ముఖములు తెలిసినవో లేదో చూడవలెను. పసివారు నడిమివాటిని విడిచి రెండు కొసలనే యెన్నుకొనుట కద్దు. తోడిపిల్లల యెదుట అడుగరాదు. మరియొకనాడు మరల అడుగవలెను. ఆకలి, అలసట, దుఃఖము గూడ ఆ యేడుపుముఖమునే చూపింపవచ్చును. బిడ్డ తానై వ్రాసిన బొమ్మలో నలుపు హెచ్చినదనియో, మనిషికి చేతులు లేవనియో భయమును నిర్ణయింపరాదు. అట్టి గుర్తులు నమ్మదగినవి కావని పరిశోధకులు హెచ్చరించుచున్నారు. నిద్రయు తిండియు వారముల తరబడి చెడినచో వైద్యునికి చూపవలెను.

తలిదండ్రులారా, దీనికి పలక, బలపము చాలును. బిడ్డ వ్రేలు పెట్టిన పిమ్మట “ఎందులకు నాయనా?” అని అడిగి, చెప్పినంతసేపు ఓపికతో వినుడు. బొమ్మ తలుపు తీయును, లోపలికి పోవలసినవారము మనమే.