తలకు పోసేది వారానికోసారి... గోకుడు మాత్రం రోజూ!

సోమశిల జలాశయం కట్ట మీద నిలబడి చూడండి. నిండిన ఏడాది ఎటు చూసినా పెన్నమ్మే. జలాశయం సామర్థ్యం 78 టీఎంసీలు. ఒక్క టీఎంసీ అంటేనే 2,800 కోట్ల లీటర్ల పైమాట! ఆ కట్ట దిగి ఉత్తరంగా ఉదయగిరి మెట్టకు వెళ్తే లెక్క మారిపోతుంది. అక్కడ ఎండాకాలంలో లెక్క టీఎంసీల్లో కాదు, బకెట్లలో. ఉన్నవి రెండు. గుడ్డలు తడపాలా, పిల్లకు తలకు పోయాలా?

నడుము దాటిన జడ బకెట్టున్నర నీళ్లను ఇట్టే తాగేస్తుంది. అందుకే 'వచ్చే శుక్రవారం చూద్దాంలే' అంటుంది అమ్మ. ఆ వచ్చే శుక్రవారం లోపు పిల్లకు నరకం. క్లాసులో పెన్నుతో గోక్కోవడం, గోళ్లలోకి తెల్లటి మట్టు రావడం, నల్ల చున్నీ వేసుకోవాలంటే భయం. పేలున్నాయేమోనని పక్కనున్న అమ్మాయి బెంచీ మీద కాస్త జరిగి కూర్చుంటుంది. మాట అనకపోయినా ఆ జరగడం చాలు, పదిహేనేళ్ల పిల్ల ఇంటికొచ్చి ఏడవడానికి. కత్తిరించేద్దాం అంటుంది అమ్మ. ఇంత జడ మళ్లీ వస్తుందా అంటుంది అమ్మమ్మ. ఇంట్లో యుద్ధం!

ఇది నీటి కరువున్న ఊళ్ల గొడవే అనుకుంటే పొరపాటు. ఆత్మకూరు నుంచి వెళ్లి బెంగళూరులోనో, హైదరాబాదులోనో ఉద్యోగం చేస్తున్న అమ్మాయిలూ ఇదే మాట అంటారు. అక్కడ కారణం వేరు. ఉప్పగా ఉండే బోరు నీళ్లకు జుట్టు ఊడిపోతోందని భయపడి, వారానికోసారితో సరిపెట్టుకుంటారు. 'కొన్నాళ్లు ఓర్చుకుంటే తలే అలవాటు పడుతుంది, జిడ్డు తగ్గుతుంది' అని ఎవరో చెప్పి ఉంటారు. ఆ మాట నిజం కాదు. మాడు మీద నూనె ఊరించే గ్రంథులు హార్మోన్ల అదుపులో ఉంటాయి. మీరు రోజూ కడిగినా, నెలకోసారి కడిగినా వాటి పని అవి చేసుకుపోతాయి. ఒకే ఇంట్లో ఒకే నీళ్లు పోసుకుంటున్నా ఎనిమిదేళ్ల తమ్ముడికి లేని దురద పదిహేనేళ్ల అక్కకు ఉండటానికి కారణమూ ఆ హార్మోన్లే.

మరి పెద్దవాళ్లు వారానికోసారే కదా పోసుకున్నది? ఆడవాళ్లకు శుక్రవారం, మగవాళ్లకు శనివారం అన్న లెక్క ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది. వాళ్లు గోక్కోలేదా? గోక్కున్నారు! మధ్యాహ్నం పూట అరుగుల మీద ఒకరి తల ఒకరు చూసుకుంటూ, పేల దువ్వెనతో గీరుకుంటూ గడిపిన గంటలను కాలక్షేపం కింద జమ కట్టేశారంతే.

ఏం పేరుకుంటుంది?

మాడు మీది చర్మం సుమారు నెలకోసారి కొత్తదవుతూ, పాత కణాలు పొట్టుగా రాలిపోతుంటాయి. దానికి ఒంటి జిడ్డు, చెమట, దుమ్ము, పైన రాసిన కొబ్బరినూనె కలిస్తే అదే మట్టు. అంతవరకైతే ఒక్క మంచి స్నానంతో పోతుంది. కానీ ఆ జిడ్డునే తిని బతికే ఈస్టు ఒకటుంది. పేరు మలసేజియా. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ చార్లెస్ మలాసే 1874లో దీన్ని వర్ణించాడు కాబట్టి ఆయన పేరే వచ్చింది. అందరి మాడు మీదా ఉంటుంది. జిడ్డును విడగొట్టి కొవ్వు ఆమ్లాలను వదులుతుంది. అవి పడని తలల్లో నవ పుడుతుంది, పొట్టు వేగంగా రాలుతుంది. అదే చుండ్రు. గుండు చేయించుకుంటే పోతుందని కొందరు కొండకు మొక్కుకుంటారు. మొక్కు పుణ్యం మొక్కుదే గానీ, ఈస్టు ఉండేది చర్మం మీద. జుట్టుతోపాటు అది కిందికి రాలదు.

ఇక్కడే మనవాళ్ల నమ్మకం ఒకటి అడ్డం తిరుగుతుంది. తల దురద పెడితే 'ఎండిపోయింది, నూనె పట్టించు' అంటారు. చుండ్రున్న తలకు రాత్రంతా నూనె నానబెట్టడమంటే ఆ ఈస్టుకు విందు పెట్టడమే. ఆముదమైతే మరీ చిక్కన, రెండు చెంబుల నీళ్లకు లొంగదు. నూనె మానలేని వాళ్లు జుట్టు చివళ్లకు రాసుకోవచ్చు. మాడుకు పెట్టినా స్నానానికి గంట ముందు పెట్టి, పూర్తిగా కడిగేయాలి.

బోరు నీళ్ల మాయ

కాఫీకి నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు చూశారా? కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం పని అది. ఒంటి సబ్బుతో తల రుద్దుకుంటే ఈ లవణాలు సబ్బుతో కలిసి పెరుగు విరిగినట్టు విరిగి వెంట్రుకలకు అంటుకుంటాయి. నురగ రాదు, జిడ్డు పోదు. పైపెచ్చు కొత్త మట్టు చేరుతుంది. షాంపూల్లో వాడే రసాయనాలు వేరు కాబట్టి వాటితో ఈ బెడద తక్కువ. మన కుంకుడుకాయ గొప్పతనమూ ఇదే. అందులో నురగనిచ్చే సపోనిన్లు కఠిన జలంలోనూ సబ్బులా విరగవు.

అయితే కుంకుళ్లను కొట్టి, గింజ తీసి, వేడినీళ్లలో నానబెట్టి, పిసికి, గుడ్డలో వడకట్టే ఓపిక ఇప్పుడెవరికుంది? బజారులో దొరికే సీకాయ పొడి నేరుగా తలకు రుద్దేస్తున్నారు. నీళ్లు బోలెడుంటే పరవాలేదు. ఒకటే బకెట్టయితే ఆ పొడి మాడు మీదే మిగిలిపోతుంది. మట్టు వదిలించడానికి వాడినదే మట్టవుతుంది! నీళ్లు తక్కువున్న చోట పొడి కన్నా వడకట్టిన రసమే మేలు. కళ్లలో పడితే మాత్రం మంట... పిల్లల ఏడుపు వీధి చివరిదాకా వినిపిస్తుంది.

షాంపూ ప్యాకెట్టుదీ దక్షిణాది కథే. కడలూరుకు చెందిన చిన్ని కృష్ణన్ చిన్న ప్యాకెట్ల ఆలోచనకు ఆద్యుడు. ఆయన కుమారుడు సీకే రంగనాథన్ 1983లో చిక్ షాంపూతో సొంత సంస్థ పెట్టి, పల్లెటూరి చిల్లర కొట్టు దాకా దాన్ని తీసుకెళ్లారు. సీసా కొనలేని ఇంటికి ప్యాకెట్టు వరమే. చిక్కల్లా వాడే తీరుతోనే. కత్తిరించి నేరుగా నడినెత్తిన పిండుతారు. అక్కడే నురగ, అక్కడే రుద్దుడు. చెవుల వెనక, మెడ పైన మట్టు మట్టుగానే ఉంటుంది. మగ్గులో కాసిన్ని నీళ్లు పోసి, షాంపూ కలిపి, జుట్టును పాయలు తీస్తూ మాడుకు పోసుకోవాలి. గోళ్లతో కాదు, వేళ్ల కొసలతో రుద్దాలి. పొడవాటి జడను ప్రత్యేకంగా రుద్దక్కర్లేదు, పైనుంచి జారే నురగ చాలు. నీళ్లు ఆదా అయ్యేది ఇక్కడే. మిగిలిన నీళ్లన్నీ కడగడానికే.

ఇంకో కిటుకు ఉంది. వారానికి ఒక్కసారి బకెట్టున్నర పోసే బదులు, అవే నీళ్లను రెండు రోజులకు పంచుకోవచ్చు. రెండోసారి మాడు ఒక్కటే కడిగి, జడను పైకి ముడేసుకుంటే సరి. అదీ కుదరకపోతే తడి తువ్వాలుతో మాడు తుడిచినా చెమట, దుమ్ము కొంత పోతాయి. పొదలకూరు నిమ్మ మార్కెట్ ఉన్న జిల్లాలో నిమ్మకాయకు కరువు లేదు కదా అని చెక్కను నేరుగా మాడుకు రుద్దేవాళ్లున్నారు. గోకిన పుండ్ల మీద పడితే చుక్కలు కనిపిస్తాయి. మగ్గు నీళ్లలో అరచెక్క పిండి, ఆఖరున జుట్టు మీద పోసుకుని కడిగేస్తే బోరు నీళ్ల బిరుసు కొంత తగ్గుతుంది. అంతకు మించి ఆశించొద్దు.

బాగా కడిగాక వారం హాయిగా ఉంటే అది ఉత్త మట్టే. రెండు మూడు రోజులకే పసుపుపచ్చని, జిగట పొట్టుతో దురద తిరిగొస్తే చుండ్రు. దానికి మందుల దుకాణంలో కీటోకోనజోల్ షాంపూ దొరుకుతుంది. సాధారణంగా వారానికి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు వాడమంటారు వైద్యులు. పూసిన వెంటనే కడిగేస్తే డబ్బు దండగ. మూడు నుంచి ఐదు నిమిషాలు మాడు మీద ఉండాలి. తగ్గిందని పూర్తిగా వదిలేస్తే మళ్లీ వస్తుంది, దాని స్వభావమే అంత.

చెవుల వెనక, మెడ దగ్గరే దురదంటే ముందు పేలు చూడండి. వెంట్రుకకు అతుక్కుని, దులిపినా రాలనివి ఈపులు, చుండ్రు కాదు. అప్పుడు ఇంటిల్లిపాదీ తలలు చూసుకోవాల్సిందే. మందమైన వెండి పొలుసులు లేచినా, చీము పట్టినా చర్మవ్యాధుల వైద్యుడికి చూపించాలి. పిల్లల తలలో రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడితే అది తామర కావచ్చు. ఏ షాంపూ ఒక్కటీ దాన్ని తగ్గించలేదు, కడుపులోకి మందు కావాల్సిందే. ఆలస్యం చేస్తే కొందరికి ఆ చోట జుట్టు తిరిగి రాకపోవచ్చు.

ఇక అమ్మా అమ్మమ్మల యుద్ధం సంగతి. దురద మాడుది, జడది కాదు. కత్తిరిస్తే నీళ్లు మిగులుతాయి, త్వరగా ఆరుతుంది. ఆ రెండూ నిజమైన లాభాలే. కానీ కడిగే తీరు మారకపోతే చిన్న జుట్టులోనూ పొట్టు రాలుతుంది. జడ ఉంచాలా, తీయాలా అన్నది పిల్లను అడిగితే బాగుంటుంది. ఉంచుకుంటానంటే తలకు పోసుకున్న రోజు బడికి తొందరైనా తడి తల మీదే జడ వేయకుండా, మాడు ఆరేదాకా ఓ అరగంట ముందు లేపండి. దువ్వెన కూడా ఆ రోజే కడిగి ఎండలో పెట్టండి.