గండం గడిచాక ఎక్కడికి?

తలకు బలమైన దెబ్బ తగిలిన మనిషి ఐసీయూ నుంచి బయటపడగానే ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొస్తుంది. "గండం గడిచింది" అని ఇండియాకు ఫోన్లు వెళ్తాయి. ఆ హడావిడిలోనే ఆసుపత్రి కేస్ మేనేజర్ ఓ జాబితా తెచ్చి చేతిలో పెడతారు. పేషెంటును ఇక్కణ్ణుంచి ఎక్కడికి పంపాలో ఒకటి రెండు రోజుల్లో చెప్పమంటారు. మనిషి ఎంత బాగా కోలుకుంటారన్నదానికి ఆ జవాబుతో గట్టి సంబంధం ఉంది. అమెరికాలో ఏళ్ల తరబడి ఉంటున్నా, ఆ జాబితాలోని పేర్ల మధ్య తేడా మనలో చాలామందికి తెలియదు.

రెండు చోట్లు, రెండు తీర్లు

జాబితాలో ముఖ్యంగా రెండు రకాల చోట్లుంటాయి. మొదటిది ఇన్‌పేషెంట్ రిహాబిలిటేషన్ ఆసుపత్రి. మెడికేర్ లెక్క ప్రకారం ఇక్కడ సాధారణంగా రోజుకు 3 గంటల చొప్పున వారానికి 5 రోజులు థెరపీ జరగాలి. రిహాబ్ డాక్టరు వారంలో పలుమార్లు స్వయంగా వచ్చి చూడాలి. వారానికోసారి డాక్టరు, నర్సు, థెరపిస్టులు, సోషల్ వర్కర్ కలిసి కూర్చుని ఎంతవరకు వచ్చిందీ సమీక్షించాలి.

రెండోది స్కిల్డ్ నర్సింగ్ ఫెసిలిటీ. అక్కడా థెరపీ ఉంటుంది కానీ 3 గంటల లెక్క ఉండదు. మొదటి 90 రోజుల్లో డాక్టరు 30 రోజులకోసారి చూస్తే నిబంధన తీరినట్టే. రోజుకు 3 గంటలు తట్టుకునే ఓపిక లేనివారికి కొన్నాళ్లు అదే సరైన చోటు కావచ్చు. ఓపిక ఉన్నవారిని కూడా బీమా కంపెనీ కాదన్నదని అక్కడికి పంపితే విలువైన తొలి వారాలు చేజారిపోతాయి. చనిపోయిన మెదడు కణాలు తిరిగి రావు. మిగిలినవి కొత్త అనుసంధానాలు ఏర్పరచుకుని పోయిన పనిని కొంతవరకు అందుకుంటాయి. అందుకు ఒకే పనిని సరైన పద్ధతిలో మళ్లీ మళ్లీ చేయించాలి. రిహాబ్ ఆసుపత్రి ఉన్నది అందుకే.

అక్కడ ఒక రోజు

పొద్దున్నే ఆక్యుపేషనల్ థెరపిస్టు వస్తారు. బ్రష్ మీద పేస్టు వేసుకోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, ఇవే పాఠాలు. మెదడు కుడివైపు దెబ్బతిన్న కొందరికి కళ్లు బాగానే ఉన్నా ఎడమ పక్క ప్రపంచం ధ్యాసలోకి రాదు. కంచంలో కుడివైపు అన్నం తిని, ఎడమవైపుది వదిలేసి, అయిపోయిందంటారు. అందుకే థెరపిస్టు బ్రష్‌ను కావాలనే ఎడమవైపు పెట్టి వెతికిస్తారు. మనం జాలిపడి అందించకూడదు.

తర్వాత ఫిజికల్ థెరపీ: మంచం మీంచి కుర్చీలోకి మారడం, నిలబడటం, మెట్లెక్కడం. స్పీచ్ థెరపిస్టు పని మాటతోనే మొదలవ్వదు, చాలాసార్లు మింగడంతో మొదలవుతుంది. మింగే కండరాల పట్టు తప్పినప్పుడు పల్చటి ద్రవాలు ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తాయి. అందుకే కొందరికి నీళ్లు కూడా చిక్కగా చేసి ఇస్తారు. ఇంటి నుంచి ప్రేమగా తెచ్చిన మజ్జిగ, చారు కూడా స్పీచ్ థెరపిస్టును అడగకుండా నోట్లో పోయకండి.

మరో దశ కుటుంబాన్ని బాగా కుంగదీస్తుంది. ఏనాడూ గొంతు పెంచి ఎరగని నాన్నగారు నర్సును తిడతారు, కొట్టబోతారు, మంచం దిగి పారిపోవాలని చూస్తారు. కాలిఫోర్నియాలోని రాంచో లాస్ అమిగోస్ ఆసుపత్రి 1970లలో రూపొందించిన 8 మెట్ల కొలమానంలో ఇది నాలుగో మెట్టు. ఆయన స్వభావం చెడిపోలేదు. మెదడు తేరుకునే దారిలో ఇదొక మజిలీ. ఆ రోజుల్లో టీవీ కట్టేయాలి, గదిలో ఒకరిద్దరే ఉండాలి, నెమ్మదిగా చిన్న మాటల్లో చెప్పాలి. సంఘం నుంచి పదిమంది ఒకేసారి పరామర్శకు వెళ్తే మేలుకన్నా కీడే ఎక్కువ. ఆ ఇంటికి భోజనం పంపండి, పిల్లల్ని బడి నుంచి తీసుకురండి.

మాట తిరిగి వచ్చే దారి

2011 జనవరి 8న అరిజోనాలోని టూసాన్‌లో కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ తలలోకి తూటా దూసుకుపోయింది. మెదడు ఎడమవైపు దెబ్బతిని మాట పడిపోయింది, కుడిచేయి, కుడికాలు పట్టు తప్పాయి. ఆ నెలాఖరుకే ఆమెను హ్యూస్టన్‌లోని టీఐఆర్ఆర్ మెమోరియల్ హర్మన్ రిహాబ్ ఆసుపత్రిలో చేర్చారు. పలకలేని మాటల్ని పాటలో పెట్టి పాడించడం ఆమె చికిత్సలో ఒక భాగం. జూన్ 15న ఇంటికెళ్లారు. ఆగస్టు 1న సభకు వచ్చి ఓటేశారు. ఇన్నేళ్ల తర్వాతా మాట కోసం ఆమె సాధన చేస్తూనే ఉన్నారు.

మన పెద్దవాళ్లకు ఇదే పరిస్థితి వస్తే పాడించాల్సింది ఇంగ్లీషు పాటలు కాదు. చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన అన్నమయ్య కీర్తనలు, ఎక్కాలు, తెలుగు నెలల పేర్లు మామూలు మాట పోయినా కొన్నిసార్లు నిలిచే ఉంటాయి. అవేమిటో థెరపిస్టుకు మనమే చెప్పాలి. పరీక్షల్లో చూపించే బొమ్మల సంగతీ అంతే. మెయిల్ బాక్సు, పాన్‌కేకు బొమ్మలకు పేరు చెప్పలేకపోయిన అమ్మమ్మకు నిజంగా మాట తట్టలేదో, అసలా వస్తువే పరిచయం లేదో ఇంగ్లీషు థెరపిస్టుకు తెలిసే వీల్లేదు. రోలు, కవ్వం, చాట, ఇంటి గుమ్మం, మనవల ఫొటోలు తీసుకెళ్లి ఇవ్వండి. రెండు మూడు భాషలు వచ్చినవారికి అన్నీ ఒకే తీరున తిరిగి రాకపోవచ్చు. ఇంగ్లీషులో తడబడ్డంత మాత్రాన తెలుగూ పోయిందనుకోకూడదు. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రి అర్హత ఉన్న దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలని చట్టం ఉంది. కొడుకో మనవరాలో ఉన్నారు కదా అని సరిపెట్టుకోనివ్వకండి.

డబ్బు, బీమా, స్వదేశం

అమెరికాలో తల గాయాలతో ఆసుపత్రిలో చేరేవారిలో దాదాపు సగం మందికి కారణం కింద పడటమే. ఇండియా నుంచి వచ్చే తల్లిదండ్రుల వయసు తలుచుకుంటే ఈ మాట మనకెంత దగ్గరిదో తెలుస్తుంది. సందర్శకుల వీసా మీద వచ్చినవారికి మెడికేర్ ఉండదు. వారికి కొనే బీమా రిహాబ్‌కు ఎంత ఇస్తుందో, అసలిస్తుందో లేదో, విమానం ఎక్కకముందే చదవండి. ఉద్యోగ బీమా కాదంటే అక్కడితో ఆగకండి. అత్యవసర అప్పీలుకు 72 గంటల్లో జవాబివ్వాలి. మీ డాక్టరును బీమా కంపెనీ డాక్టరుతో నేరుగా మాట్లాడమని అడగండి.

ప్రయాణానికి డాక్టర్లు ఒప్పుకుంటే స్వదేశానికి తీసుకెళ్లడమూ ఒక దారే; రిహాబ్ కేంద్రాలు అక్కడా ఉన్నాయి. 1954లో రోడ్డు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ న్యూయార్క్‌లో రిహాబ్ వైద్యం నేర్చుకుని తిరిగి వెళ్లారు. 1966లో వేలూరు సీఎంసీలో ఇన్‌పేషెంట్ రిహాబ్ కేంద్రం మొదలవడంలో ఆమెదే ముఖ్యపాత్ర. బెంగళూరు నిమ్హాన్స్‌లోనూ నరాల రిహాబిలిటేషన్ విభాగముంది.

మన సంఘాలకు నాదొక్కటే విన్నపం. ఏటా పెట్టే ఆరోగ్య శిబిరాల్లో బీపీ, షుగర్ పరీక్షలతో పాటు ఈ విషయానికీ ఓ అరగంట కేటాయించండి. ఎవరికైనా ఈ కష్టం వస్తే డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టేముందు మూడు మాటలు అడగమని చెప్పండి: రిహాబ్ డాక్టరు వచ్చి చూశారా? ఇన్‌పేషెంట్ రిహాబ్‌కు దరఖాస్తు పెట్టారా? కాదంటే కారణం రాతపూర్వకంగా ఇస్తారా?