ఒంటరి పరమాణువు నిలుచు తావు

చారుమీద తేలు నూనె చుక్కలను గమనించినవారికి మేము చెప్పబోవు సంగతి సగము తెలిసినదే. పోపు వేసిన క్షణమున చుక్కలు వేరువేరుగ నుండును. కొంత సేపటికి చిన్నవి పెద్దవాటిలో కలిసిపోవును. లోహ పరమాణువుల స్వభావమును ఇట్టిదే. ప్లాటినము ముద్ద లోపలనున్న ప్రతి పరమాణువునకును చుట్టును 12 పొరుగు పరమాణువులుండును. పైభాగమున నున్నదానికి అంతకంటె తక్కువ. ఒంటరిదానికి ఒక్కటియు లేదు. కావున వేడి తగిలినంతనే అది జారి తోటివాటిని చేరును.

చేరినచో నష్టమేమని శ్రోతలు అడుగవచ్చును. మోటారు వాహనముల పొగగొట్టములో ఉంచు ఉత్ప్రేరకమును తలచుకొందము. ఇంజను విడుచు కార్బన్ మోనాక్సైడు రంగు, వాసన లేని విషవాయువు. ప్లాటినము దానిని ఆమ్లజనితో కలిపి నిర్మూలించును. తాను మాత్రము ఖర్చు కాదు. అయితే వాయువు తాకునది పై పరమాణువులను మాత్రమే. అంత అరుదైన లోహమును ముద్దలుగ వాడుట, పదిమందిని కూలికి పిలిచి ఇద్దరిచేతనే కోత కోయించుట వంటిది.

2011లో చైనాలోని డాలియన్ నగరమున టావో ఝాంగ్ బృందమువారు ఇనుప ఆక్సైడుపై ప్లాటినమును ఒక్కొక్క పరమాణువుగ నిలిపి, ఈ విషవాయువుపైననే పని చేయించిరి. ఇనుప ఆక్సైడు అనగా మన యింటి తుప్పునకు దగ్గరి చుట్టమే! ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో బరువైన ప్లాటినము పరమాణువులు విడివిడి వెలుగు చుక్కలుగ కనబడినవి.

అవి ఎట్లు నిలిచినవి? ఆక్సైడు పైభాగమున ఆమ్లజని పరమాణువులు బారులుగ నుండును. వాటి నడుమ గుంటలో కూర్చున్న ప్లాటినము, తన ఎలక్ట్రానులలో కొంత వాటికిచ్చి, వాటితో రసాయన బంధము కట్టుకొనును. ఆ ఆమ్లజనియే దానికి పట్టుకొమ్మ. ఇట్లు కూర్చున్న పరమాణువు పూర్తిగ లోహముగ మిగులదనుట మరువరాదు. పట్టు విడిపించుకొని తోటివాటిని చేరుటకంటె ఉన్నచోటనే యుండుట దానికి లాభము.

మాకు మిక్కిలి ఆశ్చర్యము గొల్పినది 2016లో అమెరికాలో ప్రకటింపబడిన ప్రయోగము. న్యూమెక్సికో విశ్వవిద్యాలయమునకు చెందిన అభయ దాత్యే, ఆయన సహచరులును అల్యూమినాపైనున్న ప్లాటినమునకు సీరియం ఆక్సైడు పొడిని కలిపి, గాలిలో 800 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడిచేసిరి. (వెనుక పెండ్లిపందిళ్ళలో వెలిగిన పెట్రోమాక్సు దీపపు మాంటిలులో ఈ సీరియం ఆక్సైడు కొద్దిపాటి కలిసియుండెడిది.) అంత వేడికి ముద్దలు పెరుగవలెను, సీరియం లేనిచోట పెరిగినవి కూడ. కాని సీరియం కలిసినచోట ప్లాటినము ఆమ్లజనితో కూడి ఆవిరియై, అల్యూమినాను విడిచి సీరియం ఆక్సైడును చేరి, అక్కడ ఒంటరి పరమాణువులుగ చిక్కుకొన్నది. చిక్కుకొన్న తావులు ఆ స్ఫటికముల మెట్లవంటి అంచులని వారు భావించిరి. నున్నని ముఖములుగల ఘనాకారపు స్ఫటికములకంటె కడ్డీలవంటివియు, పలుముఖములుగలవియు ప్లాటినమును బాగుగ పట్టినవి. ముద్దలు చేయవలసిన వేడియే వాటిని విడదీసినది!

అయితే గట్టిగ పట్టుబడిన పరమాణువు చురుకుగ పని చేయునా? ఇక్కడనే చిక్కు వచ్చినది. తక్కువ వేడిలో అది మందకొడిగ నుండెను. ఇంజను అప్పుడే కదలి, గొట్టము ఇంకను చల్లగ నున్నప్పుడే గదా విషవాయువు అధికముగ వెలువడునది! 2017లో ఈ పరిశోధకులలో కొందరు దానిని 750 డిగ్రీల నీటియావిరిలో ఉంచి చూచిరి. ప్లాటినము ఒంటరిగనే మిగిలినది. దాని ప్రక్కనున్న ఆమ్లజని మాత్రము చురుకెక్కి, తక్కువ వేడిలోనే కార్బన్ మోనాక్సైడును మార్చసాగినది.

ఇంకొక చిక్కు తీరవలసియున్నది. ఆమ్లజని తగ్గి, హైడ్రోజనో కార్బన్ మోనాక్సైడో ఎక్కువైనచోట పట్టుకొమ్మ సడలి, పరమాణువులు మరల గుమిగూడవచ్చును. వాహనపు గొట్టములో ఈ రెండు స్థితులును క్షణక్షణమునకు మారుచునేయుండును.