ఒకే చదువు - పలు జీతాలు

మన కుటుంబాలలో పెండ్లి మాటలు సాగేటప్పుడు "అమ్మాయి నర్సు" అనగానే ఎదుటివారు వేసే రెండవ ప్రశ్న "జీతమెంత?" అన్నది. దానికి ఒక్క మాటలో జవాబు చెప్పగలవారు లేరు. మొన్న బరంపురం నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకరు మా ఎదుట కూర్చుని ఇదే ప్రశ్నను మరొక విధంగా వేశారు.

"మా అమ్మాయీ, మా తమ్ముడి కూతురూ ఒకే చోట మూడేళ్లు జనరల్ నర్సింగు చదివారండీ. ఒకే ఏడు రిజిస్టరులో పేర్లెక్కాయి. ఆ పిల్ల ఇప్పుడు కేంద్రంవారి ఆసుపత్రిలో ఉంది. మాది మూడేళ్లుగా నర్సింగుహోములో రాత్రనకా పగలనకా చేస్తోంది. జీతం దానిలో నాలుగోవంతు రాదు. మా పిల్లలో లోపమేమిటండీ?"

లోపం పిల్లలో లేదు. ఏ గుమ్మంలో అడుగు పెట్టిందో దానిలో ఉన్నది.

మన దేశంలో నర్సు జీతాన్ని నిర్ణయించేది ముందుగా యజమాని ఎవరన్నది. తరువాతే ఊరూ, అనుభవమూ. 7వ వేతన సంఘం లెక్క ప్రకారం 2016 జనవరి నుంచి కేంద్రంలో కొత్త నర్సింగు ఆఫీసరు మూలవేతనం 44,900 రూపాయలు. ఢిల్లీలోనైనా, భువనేశ్వరంలోనైనా, మంగళగిరిలోనైనా అంతే. కరువుభత్యం, నర్సింగుభత్యం దీనికి అదనం. ఊరినిబట్టి ముఖ్యంగా మారేది ఇంటి అద్దె భత్యం. కరువుభత్యం 50 శాతానికి చేరిన 2024 జనవరి నుంచి అది చెన్నై, బెంగుళూరు, ముంబయి వంటి మహానగరాలలో 30 శాతం, మధ్యతరహా నగరాలలో 20, చిన్న ఊళ్లలో 10. అనగా కొత్తగా చేరిన పిల్లకు బెంగుళూరులో 13,470 రూపాయలు, చిన్న ఊరిలో 4,490. ఈ తేడా చూసి మహానగరానికే పోవాలనుకునేవారికి మా మనవి ఒకటి: బెంగుళూరులో ఇంటివారు అడిగే అద్దె ముందుగా కనుక్కోండి!

అనుభవానికి అక్కడ లెక్క ఉన్నది. ఏటా సుమారు 3 శాతం ఇంక్రిమెంటు. ప్రమోషను లేకపోయినా పదేళ్లకు మూలవేతనం 60,400కు చేరుతుంది. పదేళ్లు ఒకే మెట్టుమీద ఉండిపోయినవారికి పై మెట్టు వేతనం ఇచ్చే నియమం కూడా కలదు.

రాష్ట్ర ప్రభుత్వాలవి వేరు వేరు శ్రేణులు. ప్రభుత్వపు ఉద్యోగమైతే చాలుననుకోవటం కూడా పొరపాటే. తమిళనాడులో 2015 నుంచి పరీక్ష పెట్టి తీసుకున్న కాంట్రాక్టు నర్సులకు మొదట ఇచ్చినది నెలకు 7,700 రూపాయలు. 2017 నవంబరులో వారు చెన్నైలో ధర్నాకు కూర్చున్నది అందుకే. వారూ, వారి పక్కన నిలబడి సూది మందు ఇచ్చే పర్మనెంటు నర్సూ చేసే పని ఒక్కటే.

ఇక ప్రైవేటు సంగతి. దీనిపై సుప్రీంకోర్టు 2016 జనవరి 29న తీర్పు చెప్పింది. ఆ మీదట ఏర్పడిన సంఘం పడకల లెక్కన సిఫారసులు చేసింది. 200 పడకలు మించిన ఆసుపత్రిలో రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. 100 మించితే దానికి 10 శాతం కంటే తగ్గరాదు. 50 నుంచి 100 వరకు 25 శాతం కంటే తగ్గరాదు. 50 లోపు పడకలున్నా 20,000కు తక్కువ కాకూడదు. వినటానికి ఎంతో బాగున్నది. కాని ఇవి సిఫారసులు; అమలు చేయవలసినవి రాష్ట్రాలు. కేరళలో నర్సులు గట్టిగా పోరాడగా 2018 ఏప్రిల్‌లో 20,000 కనీసవేతనంగా ప్రకటించారు. తక్కినచోట్ల చాలా నర్సింగుహోములలో యజమాని మాటే జీతపు పట్టిక. అక్కడ అనుభవం కూడా ఏళ్లలో లెక్కకు రాదు. ఆపరేషను గదిలోనో, డయాలిసిస్‌లోనో, ఇంటెన్సివ్ కేర్‌లోనో చేయి తిరిగినవారికే మరొక ఆసుపత్రి పిలిచి నాలుగు రూపాయలు ఎక్కువ ఇస్తుంది.

(అమెరికాలో మాత్రం ఇలా లేదనుకునేరు. కాలిఫోర్నియా నర్సు సగటు జీతం దక్షిణ డకోటా నర్సు జీతానికి సుమారు రెట్టింపు.)

మనవంటి ప్రవాసాంధ్రులకు మరొక చిక్కు కూడా ఉన్నది. బరంపురంలోనో హోసూరులోనో చదివిన పిల్ల ఆంధ్రలో స్థానికురాలు కాదు. 371-డి అధికరణ ప్రకారం ఏ ప్రాంతంలో చదివిందన్నదే చూస్తారు, ఇంట్లో మాట్లాడే భాషను కాదు. ఉన్నచోట ప్రభుత్వోద్యోగం కావాలంటే అక్కడి భాష చదవను, వ్రాయను రావాలి. ఇది మన పిల్లలకు కష్టం కాదు. పెండ్లయి వేరే రాష్ట్రానికి వెళితే అక్కడి కౌన్సిలులో రిజిస్ట్రేషను మార్పించుకోవాలి. సారె సర్దుకునేటప్పుడే ఆ కాగితాలు కూడా సర్దుకోవటం మంచిది.

ఈ స్థానిక గొడవ లేనిది ఎయిమ్స్ ఆసుపత్రులకు 2020 నుంచి దేశమంతటికీ కలిపి జరుపుతున్న నార్సెట్ పరీక్ష. తమ్ముడి కూతురు గెలిచినది అందులోనే. "అయితే మా అమ్మాయి చేతా వ్రాయిస్తాను, మూడేళ్ల అనుభవం ఉందిగా" అన్నారు పెద్దమనిషి. మేము ఆ నర్సింగుహోముకు పడకలెన్ని అని అడిగాము.

"ముప్పయి."

ఆయనకు ఆ మాట చెప్పటం మాకు కష్టమయింది. జనరల్ నర్సింగు డిప్లొమా చదివినవారు ఆ పరీక్షకు కూర్చోవాలంటే కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్లు పనిచేసి ఉండాలి. బి.ఎస్సీ. చదివినవారికి ఈ నిబంధన లేదు. మూడేళ్ల రాత్రి డ్యూటీలు ఈ లెక్కలో సున్నా. తమ్ముడి కూతురు భువనేశ్వరంలో పెద్ద ఆసుపత్రిలో చేరింది కాబట్టి ఆమె రెండేళ్లు లెక్కకు వచ్చాయి. చేరేనాటికి ఈ సంగతి ఇద్దరికీ తెలియదట.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "పిల్లకు ఇరవయ్యారు. పరీక్షకు వయసు ఎంతవరకండీ?" అని అడిగారు. మామూలుగా ముప్పయి అనీ, వెనుకబడిన తరగతులవారికి మరి మూడేళ్ల సడలింపు ఉన్నదనీ చెప్పాము. వ్రేళ్లు లెక్కపెట్టుకున్నారు.

గత వారం ఉత్తరం వచ్చింది. అమ్మాయి నర్సింగుహోము మానివేసింది. భువనేశ్వరంలో 120 పడకల ఆసుపత్రిలో చేరింది. హాస్టలు ఖర్చులు పోగా చేతిలో మిగిలేది మునుపటికంటే తక్కువేనట. చేరిన రోజునే నియామకపు ఉత్తరం అడిగి తీసుకుని, నకలు ఒకటి తండ్రికి పోస్టులో పంపింది.