ముగిసిన కథకు ముందు కథ

ఒకసారి ముగిసిపోయిన కథను మళ్ళీ బ్రతికించవచ్చునా? ఇది సినిమా వ్యాపారస్తుల ప్రశ్న, మన పల్లెటూరి కుటుంబాలకు దీనితో పని ఏమిటి అని పెద్దలు కొందరు అనవచ్చు. కాని అమెరికాలో తీసిన కథలు ఈనాడు మన యౌవనస్థుల చేతిలోని ఫోనులోకే వచ్చి చేరుతున్నాయి. తండ్రి అరుగు మీద కూర్చుని పొలం లెక్కలు చూసుకుంటూ ఉంటే, ప్రక్కనే కూర్చున్న కుమార్తె ఆ కథల్లో మునిగి ఉంటుంది. ఆమె చూస్తున్నది ఏమిటో, దానిని ఎందుకు తీశారో కొంతైనా తెలుసుకుంటే ఆమెతో మాట్లాడడం మనకు సులభమౌతుంది.

ఒకే పేరు మీద ఒకదాని తరువాత ఒకటిగా వచ్చే సినిమాల వరుసను ఫ్రాంచైజీ అంటారు. కథ ముందుకు సాగితే దానిని సీక్వెల్ అంటారు. మనకు తెలిసిన కథకు ముందు ఏమి జరిగిందో చెబితే అది ప్రీక్వెల్. మీ ఊరిలో కఠినుడని పేరుపడిన ఒక పెద్దమనిషి ఉన్నాడనుకోండి. ఆయన ఇప్పుడు ఎలాంటివాడో అందరికీ తెలుసు. అయితే “ఈయన పద్దెనిమిదేళ్ళ వయస్సులో ఇలా ఉండేవాడు కాదు, ఏమి జరిగిందంటే...” అని ఎవరైనా మొదలుపెడితే చుట్టూ ఉన్నవారంతా దగ్గరకు జరుగుతారు. ప్రీక్వెల్‌కు ఉన్న బలమంతా అక్కడే ఉన్నది.

పంట ఎందుకు తగ్గింది?

యౌవనస్థుల కోసం వ్రాసిన నవలలు సినిమాలుగా వచ్చి లోకమంతటా విపరీతంగా ఆడిన కాలం ఒకటి ఉన్నది. హ్యారీ పోటర్ కథ 2001 నుండి 2011 వరకు ఎనిమిది సినిమాలుగా వచ్చింది. ట్వైలైట్ కథ 2008 నుండి 2012 వరకు ఐదు సినిమాలైంది. సుజాన్ కాలిన్స్ అనే అమెరికా రచయిత్రి వ్రాసిన హంగర్ గేమ్స్ నవలలు మూడు. అవి 2012 నుండి 2015 వరకు నాలుగు సినిమాలయ్యాయి.

మూడు నవలలకు నాలుగు సినిమాలు ఎలా వచ్చాయని మీరు అడగవచ్చు. చివరి నవలను రెండు ముక్కలు చేశారు. హ్యారీ పోటర్ వారు అలాగే చేశారు, ట్వైలైట్ వారూ అలాగే చేశారు. ఒక నవలకు రెండుసార్లు టిక్కెట్లు అమ్ముకోవచ్చునన్నది ఆలోచన. అయితే ప్రేక్షకుడు గ్రహించకుండా ఉండడు. హంగర్ గేమ్స్ రెండవ సినిమా లోకమంతటా సుమారు 86 కోట్ల డాలర్లు వసూలు చేస్తే, మూడవది సుమారు 75 కోట్లు, నాలుగవది సుమారు 65 కోట్లు మాత్రమే తెచ్చింది. నవలను అలా విడగొట్టినందుకు తాను చింతిస్తున్నానని దర్శకుడు ఫ్రాన్సిస్ లారెన్స్ 2023లో బహిరంగంగానే చెప్పాడు.

ఇంతలో ఒకరి పొలంలో మిరప బాగా పండిందని ఊరంతా మిరపే వేసినట్లు, అదే అచ్చులో మరెన్నో సినిమాలు దిగాయి. క్రూరమైన ప్రభుత్వం, దానికి ఎదురు తిరిగే పదహారేళ్ళ అమ్మాయి లేక అబ్బాయి, చివరకు తిరుగుబాటు. డైవర్జెంట్ వరుస ఇందుకు మంచి ఉదాహరణ. 2014లో మొదటిది సుమారు 29 కోట్ల డాలర్లు తెచ్చింది. వారు కూడా చివరి నవలను రెండు ముక్కలు చేశారు. 2016లో మొదటి ముక్క 18 కోట్ల దగ్గరే ఆగిపోయింది. రెండవ ముక్కను అసలు తీయనే లేదు. ఆ కథను సినిమాలుగా చూస్తూ వచ్చిన పిల్లలకు ముగింపు లేకుండానే పోయింది.

మరొక కారణం కూడా ఉన్నది. 2012లో పదిహేనేళ్ళ వయస్సున్న అమ్మాయికి 2023 నాటికి ఇరవై ఆరేళ్ళు. ఆమె ఉద్యోగంలోనో సంసారంలోనో ఉంటుంది. 2023లో పదిహేనేళ్ళున్న అమ్మాయి మొదటి సినిమా వచ్చిననాడు నాలుగేళ్ళ పాప. యౌవనస్థుల కథలకు ఉన్న చిక్కు ఇదే. ప్రేక్షకులు పెరిగి పెద్దవారై వెళ్ళిపోతారు. వారి తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఆ కథ పాతబడి కనిపిస్తుంది.

వెనుకకు ఎందుకు వెళ్ళారు?

కథను ముందుకు సాగించవచ్చు గదా అంటే, హంగర్ గేమ్స్ నాయిక కాట్నిస్ కథ నవలలోనే ముగిసింది. యుద్ధం అయిపోయి, ఆమె పిల్లల తల్లి అయింది. ఆ తరువాత కథ చెబితే అది యౌవనస్థుల కథ కాదు. పైగా మొదట నటించినవారికి వయస్సు వచ్చింది, పారితోషికమూ పెరిగింది. వెనుకకు వెళ్తే మాత్రం పేరు పాతదే ఉంటుంది, ముఖాలు కొత్తవి వస్తాయి, పాత్రల వయస్సు మళ్ళీ పద్దెనిమిదికి దిగుతుంది. వ్యాపారస్తుడు ప్రీక్వెల్ వైపు చూడడానికి ఇంతకన్న కారణం అక్కరలేదు.

అయితే వెనుకకు వెళ్ళిన ప్రతివారికీ ఒక కష్టం ఎదురౌతుంది. ముగింపు అందరికీ తెలుసు. ఎవరు బ్రతుకుతారో, ఎవరు గెలుస్తారో దాచిపెట్టలేరు. “ఏమి జరుగుతుంది” అనే ఆత్రుత పోతే, “ఎందుకు జరిగింది” అనే ప్రశ్న దాని స్థానంలోకి రావాలి. ఆ ప్రశ్న లేకపోతే ప్రీక్వెల్ ఖాళీ సంచి వంటిది. రెండు ఉదాహరణలు ప్రక్కప్రక్కన పెట్టి చూద్దాం.

చేరవలసిన చోటికి చేరని కథ

హ్యారీ పోటర్ రచయిత్రి జె. కె. రౌలింగ్ 2001లో ఒక చిన్న పుస్తకం వ్రాశారు. వింత జంతువుల గురించి ఆ కథలోని బడి పిల్లలు చదివే పాఠ్యపుస్తకం అన్నట్లుగా ఉంటుంది. అమ్మిన డబ్బు ధర్మకార్యాలకు ఇచ్చారు. అందులో జంతువుల వివరాలే గాని కథ లేదు. దాని పేరు మీదనే ఫెంటాస్టిక్ బీస్ట్స్ అనే ప్రీక్వెల్ వరుస 2016లో మొదలైంది. మొత్తం ఐదు సినిమాలు వస్తాయని ప్రకటించారు.

1926లో న్యూయార్కు నగరానికి వచ్చిన ఒక జంతుశాస్త్రజ్ఞుని కథగా మొదటి సినిమా నడిచింది. సుమారు 81 కోట్ల డాలర్లు వచ్చాయి. రెండవ సినిమా నుండి కథ భారం మరొకరి మీదికి మారింది. హ్యారీ పోటర్ చదివినవారందరికీ ఒక సంగతి ముందే తెలుసు. డంబుల్‌డోర్ అనే పెద్ద మాంత్రికుడు 1945లో గ్రిండెల్వాల్డ్ అనే దుష్టుని ఓడించాడు. ఆ పోరాటం వైపే ఈ వరుస నడుస్తున్నదని అందరూ అనుకున్నారు. గాని జంతువుల మనిషి కథ ఒక ప్రక్క, ఇద్దరు మాంత్రికుల పగ మరొక ప్రక్క లాగుతుంటే బండి ఎటూ కదలలేదు. 2018లో రెండవది సుమారు 65 కోట్లు, 2022లో మూడవది సుమారు 40 కోట్లు తెచ్చాయి. ఈ మధ్యలో దుష్టుని పాత్ర వేసే నటుడు మారాడు, కరోనా వ్యాధి థియేటర్లను మూయించింది. అవి కూడా కారణాలే. మూడవ సినిమా తరువాత వరుస ఆగిపోయింది. 1945 నాటి ఆ పోరాటం తెర మీదికి రానే లేదు.

ఇందులో ఇంకొక లోపం కూడా కనిపిస్తుంది. హ్యారీ పోటర్ కథలో పిల్లలు ప్రేమించింది బడిని, స్నేహితులను, ఏటేటా ఒక తరగతి ఎదగడాన్ని. ప్రీక్వెల్‌లో నాయకులంతా పెద్దవారు. పేరు మిగిలింది గాని పిల్లలు తమను తాము చూసుకునే చోటు మిగలలేదు. 2023లో ఆ పాత ఏడు నవలలనే మొదటి నుండి టీవీ ధారావాహికగా తీస్తామని ప్రకటించారు. ముందు కథ పని చేయక, అసలు కథకే తిరిగి వెళ్ళారన్నమాట.

ఆట చూసేవారు తగ్గిన కథ

రెండవ ఉదాహరణ హంగర్ గేమ్స్. ఆ కథలోని దేశం పేరు పానెమ్. లాటిను భాషలో ఆ మాటకు రొట్టె అని అర్థం. ప్రజలకు తిండి, వినోదం చూపించి నోరు మూయించిన పాతకాలపు రోమా పాలకులను గుర్తు చేయడానికే ఆ పేరు. రాజధాని మీద తిరుగుబాటు చేసినందుకు శిక్షగా పన్నెండు జిల్లాలలో ప్రతిదానినుండి ఏటా ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని చీట్లు వేసి తీస్తారు. ఆ ఇరవై నలుగురు ఒకరినొకరు చంపుకోవాలి. చివరకు ఒక్కరే మిగలాలి. దేశమంతా దానిని టీవీలో చూడాలి. ఒక రాత్రి టీవీలో ఒకచోట పోటీ కార్యక్రమం, మరొకచోట ఇరాకు యుద్ధ దృశ్యాలు మార్చి మార్చి చూస్తుండగా ఈ ఆలోచన వచ్చిందని రచయిత్రి చెప్పారు. ఆమె తండ్రి వియత్నాం యుద్ధంలో పని చేసినవాడు.

ఆ దేశాన్ని పాలించే ముసలి నిరంకుశుడు స్నో. 2020లో కాలిన్స్ వ్రాసిన ప్రీక్వెల్ నవల అతని పద్దెనిమిదేళ్ళ వయస్సు కథ. దానినే 2023లో సినిమాగా తీశారు. యుద్ధంలో తల్లిదండ్రులు పోయి, నాయనమ్మతోను, పెదతండ్రి కుమార్తె వరుసైన అక్కతోను పెద్ద పేరున్న ఇంట్లో పస్తులుండే కుర్రవాడు. పేదరికం బయటపడకుండా చిరిగిన చొక్కాను బాగుచేయించి తొడుక్కుంటాడు. ఇది మన పల్లెల్లో ఎవరికీ తెలియని బాధ కాదు.

అసలు విశేషం ఇక్కడ ఉన్నది. ఈ కథలో పదవసారి ఆట జరిగేనాటికి జనం దానిని చూడడం మానేస్తున్నారు. విద్యార్థులను పిలిచి, మళ్ళీ జనం చూచేలా ఉపాయం చెప్పమంటారు. స్నో చెబుతాడు. గెలుపు మీద పందెం కాయనివ్వండి, ఇష్టమైన ఆటగానికి తిండి పంపనివ్వండి, అప్పుడు జనం టీవీ వదలరు అంటాడు. ఆరిపోతున్న ఆటను అతడే రాజేస్తాడు. తరువాత మెట్టు మెట్టుగా దిగి, తనను సోదరునిగా నమ్మిన స్నేహితుని ఉరికంబానికి అప్పగిస్తాడు. వాడిపోతున్న సినిమా వరుసను బ్రతికించడానికి వచ్చిన సినిమా, వాడిపోతున్న ఆటను ఎలా బ్రతికిస్తారో చూపించి, “మీరెందుకు చూస్తున్నారు?” అని చూచేవారినే అడిగింది. ముగింపు తెలిసినా ఈ కథ పట్టి కూర్చోబెట్టడానికి ఆ ప్రశ్నే కారణం.

లెక్క ఏమి చెబుతున్నది?

ఆ సినిమాకు వచ్చింది సుమారు 34 కోట్ల డాలర్లు. పాత రెండవ సినిమాతో పోల్చితే సగం కూడా లేదు. మరి ఇది గెలుపా, ఓటమా? దిగుబడి ఒక్కటే చూచి లాభం చెప్పలేమని రైతుకు ఎవరూ నేర్పనక్కరలేదు. పెట్టుబడి కూడా చూడాలి. ఈ సినిమా తీయడానికి అయింది సుమారు 10 కోట్లు. ఫెంటాస్టిక్ బీస్ట్స్ మూడవ సినిమాకు అయింది సుమారు 20 కోట్లు. టిక్కెట్ల డబ్బులో ఇంచుమించు సగం థియేటర్లకే పోతుంది గనుక, 40 కోట్లు తెచ్చిన సినిమా చిక్కుల్లో పడింది, 34 కోట్లు తెచ్చిన సినిమా నిలబడింది. నిలబడినవారు పాత వైభవం తిరిగి వస్తుందని భ్రమపడలేదు. తగిన ఖర్చుతో, ముందే పూర్తిగా వ్రాసిన నవలను తీసుకొని, దానిని ముక్కలు చేయకుండా ఒక్క సినిమాలో చెప్పి ముగించారు.

దాని ఫలం పుస్తకాల దగ్గర కూడా కనిపించింది. 2025 మార్చిలో కాలిన్స్ మరొక ప్రీక్వెల్ నవల ప్రచురించారు. కాట్నిస్‌కు ఆట నేర్పిన తాగుబోతు గురువు హేమిచ్ తన యౌవనంలో ఎదుర్కొన్న ఆట గురించిన కథ అది. మొదటి వారంలోనే ఇంగ్లీషులో 15 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయని ప్రచురణకర్తలు ప్రకటించారు. సినిమాను 2026 నవంబరులో విడుదల చేస్తామని ప్రకటించారు.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు ఇది. ప్రీక్వెల్ ఒక వరుసను బ్రతికించగలదు, గాని పేరు వల్ల కాదు. చెప్పవలసిన కొత్త మాట ఉంటే బ్రతికిస్తుంది. ఆ మాట లేనప్పుడు పాత పేరు మొదటి టిక్కెట్టు వరకు తీసుకువస్తుంది, అంతే.

ఇంట్లో మాట్లాడుకోవడానికి

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక చెప్పడం న్యాయం. హంగర్ గేమ్స్ సినిమాలలో పిల్లలు పిల్లలను చంపుకొనే దృశ్యాలున్నాయి. అమెరికాలో వీటిని పదమూడేళ్ళలోపు పిల్లలకు కొన్ని భాగాలు తగకపోవచ్చునని హెచ్చరించే తరగతిలో చేర్చారు. చిన్నవారి ముందు వీటిని పెట్టవద్దు. ఎదిగిన పిల్లలు చూస్తానంటే ఒంటరిగా ఫోనులో చూడనివ్వడం కన్న ప్రక్కన కూర్చోవడం మంచిది.

చూసిన తరువాత కొన్ని ప్రశ్నలు వేయండి. స్నో మొదటిసారి ఎక్కడ తప్పటడుగు వేశాడు? అక్కడ ఆగి వెనుకకు తిరిగే అవకాశం అతనికి ఉన్నదా? ఆకలి అతని తప్పుకు కారణమైతే, అదే యుద్ధంలో ఆకలితో పెరిగిన అతని అక్కలో దయ ఎలా మిగిలింది? జనం చూడకపోతే ఆ ఆట ఎన్నేళ్ళు సాగి ఉండేది? పదహారేళ్ళ పిల్లలు వీటికి ఇచ్చే జవాబులు విని మీరు ఆశ్చర్యపోవచ్చు.

మరొక ప్రశ్న ఏ సినిమాకైనా పనికి వస్తుంది. “ఈ కథలో మనకు చెప్పవలసిన మాట ఏదైనా ఉన్నదా, లేక మనకు తెలిసిన పేరు మాత్రమే ఉన్నదా?” ఈ ప్రశ్న అడగడం అలవాటైన అమ్మాయిని ఏ వ్యాపారస్తుడూ పాత పేరుతో రెండవసారి సులభంగా మోసం చేయలేడు.