పాకలోని పాత కారు: ర్యాలీ బండిగా దానిని తీర్చిన విధము

పని మాని మూలబడిన వస్తువు ప్రతి రైతు ఇంటను ఒకటైనను ఉండును. ఒకరి పెరటిలో ఆయిలింజను, వేరొకరి కొట్టములో మందుకొట్టు యంత్రము, మా పాకలో మోటారు కారు. దానిని మేము రెండేండ్లు శ్రమపడి బాగుచేసి, శ్రీశైలపు ఘాటు దారిలో నడపుకొని వచ్చిన తరువాత, సంఘ సభ్యులు పలువురు ఆ సంగతులను వ్రాయుమని కోరిరి. వారి కోరికను మన్నించి, పడిన పాట్లను, పెట్టిన వ్యయమును, చేసిన తప్పులను దాచక ఇందు మనవి చేయుచున్నాము. మా మొదటి తప్పు ఇంచుకలో ఒక నిండు ప్రాణమును గొనిపోయెడిది. అట్టి తప్పు మరియొకరు చేయకుండుటయే ఈ వ్యాసమునకు ముఖ్యోద్దేశము.

కారు పూర్వచరిత్ర

మా కారు 1972 సంవత్సరమున తయారైన అంబాసిడరు, రెండవ మార్కునకు చెందినది, పెట్రోలుతో నడచునది. ఈ కార్లను హిందుస్థాన్ మోటార్సు కంపెనీవారు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారమున చేయుచుండెడివారు. ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్సుఫర్డు మూడవ శ్రేణి కారు దీనికి మాతృక. 1950వ దశకము చివర మొదలైన తయారీ 2014లో నిలిచిపోయినది.

మా తండ్రిగారు 1978లో మిరపపంట సొమ్ముతో దీనిని ఒక కంట్రాక్టరు వద్ద కొనిరి. పెండ్లికూతుండ్రను అత్తవారింటికి చేర్చినను, పురుటి నొప్పులు పడు స్త్రీలను నడిరేయి ఆసుపత్రికి కొనిపోయినను, మా గ్రామమున అది ఈ కారే. ఎవరి వద్దను కిరాయి పుచ్చుకొనినది లేదు. 2004లో ఆయన కాలధర్మము చెందగా కారు పాకను చేరినది. పదునెనిమిదేండ్లలో దానిపై వరిగడ్డి పేరినది, వెనుక సీటులో కోళ్లు గ్రుడ్లు పెట్టినవి, నేలరేకును తుప్పు తినివేసినది.

2022లో పాత ఇనుము కొనువాడు వచ్చి 25,000 రూపాయలిత్తుననెను. మా నడిమి తమ్ముడు అమ్మివేయుదమనెను. కడపటి తమ్ముని కుమారుడు, ఇంజనీరింగు చదువు ముగించి వచ్చినవాడు, దానిని ర్యాలీ బండిగా మార్చెదనని పట్టుపట్టెను. మేము పెద్దవారము గనుక తీర్పు మాపై బడినది. తండ్రిగారి జ్ఞాపకమును బట్టి కుఱ్ఱవాని పక్షము వహించితిమి.

ర్యాలీ యననేమి?

ర్యాలీ యన్నంతనే మితిమీరిన వేగమని మన పిల్లలు తలంతురు. అది కొంతమాత్రమే నిజము. ర్యాలీ మైదానమున చుట్టు తిరుగు పందెము కాదు. ఊళ్ల మీదుగా, చెడ్డదారుల మీదుగా, చెప్పిన వేళకు చెప్పిన చోటికి బండిని చేర్చుట. మన దేశమున సామాన్యులు పాల్గొను ర్యాలీలు పెక్కు వేళను, వేగమును, దూరమును సరిచూచుకొనునవి. వానిలో ఆలస్యముగా వచ్చిన వానికే కాదు, ముందుగా వచ్చిన వానికిని మార్కులు తగ్గింతురు.

1968 నవంబరు 24వ తేదీన లండను నగరమున బయలుదేరి సిడ్నీ వఱకు సాగిన గొప్ప పరుగు ఢిల్లీ మీదుగా బొంబాయికి వచ్చి, అచ్చటనుండి ఓడపై ఆస్ట్రేలియా చేరినది. ముగింపు సమీపించువేళ ముందున్న కారు ఎదురు వచ్చిన బండిని ఢీకొని పడిపోగా, హిల్మన్ హంటర్ అను సామాన్య సంసారపు కారును నడపిన ఆండ్రూ కోవన్ బృందము గెలిచినది. అంతకు మూడేండ్ల ముందు, 1965లో, తూర్పు ఆఫ్రికా సఫారీ ర్యాలీని కెన్యాలో పుట్టిన పంజాబీ సిక్కు జోగిందర్ సింగు, తన సోదరుడు జస్వంత్ సింగుతో గూడి గెలిచెను. వారు నడపినది వోల్వో పీవీ 544. అంతకుముందే పోటీలలో వాడబడిన పాత బండి. జోగిందర్ సింగు మెకానిక్కు పని ఎరిగినవాడు. అతడే 1974లోను, 1976లోను మరల ఆ ర్యాలీని గెలిచెను.

ఈ కథల సారాంశ మొక్కటే: దారిలో నిలిచిపోని బండియే ర్యాలీ బండి. ఈ మాట మాకు మొదట తెలియలేదు.

మేము చేసిన తప్పు

మొదటి సంవత్సరము పైమెఱుగులకే సొమ్ము వెచ్చించితిమి. తుప్పుపై లప్పము రాచి తెల్లరంగు కొట్టించితిమి. ముందు నాలుగు పెద్ద దీపములు బిగించితిమి. కొత్త సీట్లు కుట్టించితిమి. ఇంజను ఎట్లో పలికినది. చూచినవారందరు మెచ్చిరి. మేమును మురిసితిమి.

ఒకనాటి సాయంకాలము కుఱ్ఱవాడు నడుపగా, మేము ప్రక్కన కూర్చుండి చెరువుకట్ట వాలు దిగుచుంటిమి. ఎదుట ఒక ముసలమ్మ గేదెలను తోలుకొని పోవుచుండెను. వాడు బ్రేకు త్రొక్కినంతనే పెడలు నేలకు తగిలినది, బండి నిలువలేదు. చేతిబ్రేకు లాగగా దాని తీగ తుప్పుపట్టి కదలలేదు. భగవత్కృపచే వాడు తెలివి తప్పక రెండవ గేరునకు తెచ్చి, ప్రక్కనున్న బీడులోనికి త్రిప్పెను. బండి గట్టును ఢీకొని ఆగినది. కొత్త దీపములు నాలుగును పగిలినవి.

ముసలమ్మ మమ్ము తిట్టలేదు. "మీ నాయన ఈ బండిలోనే నా బిడ్డను ఆసుపత్రికి కొనిపోయి బ్రతికించినాడయ్యా! దీనితోనే నన్ను చంపుదురా?" అని మాత్రమడిగెను. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. తప్పు మెకానిక్కుది కాదు, కుఱ్ఱవానిది కాదు. కంటికి కనబడు పనినే చేయించిన మాదే.

మఱునాడు నడిమి తమ్ముడు కారును వెంటనే అమ్మివేయవలెననెను. వాని మాట న్యాయమే. తుదకు రెండు షరతులపై అంగీకరించెను: ప్రతి మాసము జమాఖర్చు ముగ్గురి యెదుట చదువవలెను; బ్రేకులు సరియని తాను స్వయముగా చూచి ఒప్పుకొనువఱకు బండి వాకిలి దాటరాదు. సంఘములో మనము పాటించు పద్ధతియే ఇంటిలోనికి వచ్చినది.

మేస్త్రీ చెప్పిన క్రమము

పట్టణమున అంబాసిడరు పనిలో తల నెరసిన మేస్త్రీ యొకరు కలరు. ఆయన బండి క్రింద దూరి చూచి, "అయ్యా, బండికి పరుగు తరువాత నేర్పవచ్చును, నిలుచుట ముందు నేర్పవలెను" అనెను. ఆయన చెప్పిన వరుసను సభ్యుల ఉపయోగార్థము వ్రాయుచున్నాము.

మొదటిది రేకు. లారీకి వలె అంబాసిడరునకు వేరు చట్రము లేదు. ఒళ్లంతయు ఒకటిగా అతికిన రేకు పెట్టె. తలుపుల క్రింది అంచులు, నేల, వెనుక కమాను కట్టలు బిగించు చోట్లు తుప్పు తిన్నచో బండి బలమే పోవును. లప్పముతో కప్పుట దొంగపని. కుళ్లిన రేకును కోసి, కొత్తరేకు అతికింపవలెను.

రెండవది బ్రేకు. మా కారు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. వానికన్నిటికి నూనె పంపు వరుస ఒక్కటే. ఒక్కచోట కారినను నాలుగును పనిచేయవు. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చును. ఏండ్ల తరబడి మార్చనిచో లోపలి సిలిండర్లు తుప్పుపట్టును. మాకు జరిగినదదియే. సిలిండర్లు, రబ్బరు గొట్టములు, చేతిబ్రేకు తీగ, అన్నియు మార్చితిమి.

మూడవది స్టీరింగు, కమానులు. ముందు చక్రములకు మెలిదిరుగు ఇనుప కడ్డీలును, వెనుకకు కమాను కట్టలును ఈ కారునకు గలవు. ఎడ్లబండి ఇరుసునకు కందెన యెట్లో, వీని కీళ్లకు గ్రీజు అట్లు. వేళకు పెట్టినచో గతుకుల దారిని ఈ కారు చక్కగా ఓర్చుకొనును.

నాలుగవది పెట్రోలు దారి. టాంకులో జిగురుగట్టిన పాత పెట్రోలును తీసి కడుగవలెను. 2025 నాటికి పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలియుచున్నది. మనము పండించు చెరకు, మొక్కజొన్నల నుండి వచ్చునదే యది. అది రైతునకు మేలే కాని, పాతకాలపు రబ్బరు గొట్టములను చెఱచును, నీటిని పీల్చును. కావున ఇథనాలును ఓర్చు గొట్టములను వేయించితిమి. ఇట్టి పెట్రోలును మాసముల తరబడి టాంకులో నిలువ యుంచరాదు.

అయిదవది ఇంజను. చాలకాలము నిలిచిన ఇంజనును తాళపుచెవితో ఒక్కసారి త్రిప్పరాదు. సిలిండర్లలో కొంచెము నూనె పోసి, కొన్ని దినములు నాననిచ్చి, ముందుపిడితో చేత త్రిప్పి చూడవలెను. రంగు మాట చిట్టచివరిది.

ర్యాలీ కొఱకు చేర్చినవి చాల తక్కువ: ఇంజను క్రింద రాళ్లు తగులకుండ ఉక్కుపలక, చక్రముల వెనుక బురద పట్టాలు, నడుము పట్టీలు, నిప్పార్పు డబ్బా, రెండు మారుచక్రములు, త్రాడు, పానాల సంచి, నీటి డబ్బా, గడియారము, దారి వ్రాసుకొను పుస్తకము. ఉక్కుపలక ఇంజనునకు గాలి ఆడకుండ మూయరాదు. కుఱ్ఱవాని ముచ్చటకై తలుపులపై 78 అను అంకె వ్రాయించితిమి. అది మా తండ్రిగారు బండి కొన్న యేడు.

చట్టము, వ్యయము

వేరొక ఇంజను పెట్టుదమని, పైకప్పు కోయుదమని సలహా లిచ్చినవారు కలరు. మేమంగీకరింపలేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షను ప్రకారము, కంపెనీవారు నిర్దేశించిన లక్షణములను యజమాని తన ఇష్టానుసారము మార్చరాదు. మఱియు 2021లో కేంద్ర ప్రభుత్వము వారు 50 ఏండ్లు దాటిన బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషను ఏర్పరచిరి. దానికి చట్రము, ఒళ్లు, ఇంజను మొదటి రూపమున ఉండవలెను. అట్టి బండిని ప్రదర్శనలకును, పాతబండ్ల ర్యాలీలకును నడపవచ్చును గాని నిత్యోపయోగమునకు నడపరాదు. మేము తనిఖీ చేయించి, ఆలస్యపు రుసుము చెల్లించి, సామాన్య రిజిస్ట్రేషనునే పునరుద్ధరించుకొంటిమి. బండి మొదటి రూపమున నున్నది గనుక రెండవ దారియు తెఱచియే యున్నది.

మొత్తము వ్యయము 2,55,000 రూపాయలు. ఇందు రేకుపని 62,000, బ్రేకులు, స్టీరింగు 38,000, కమానులు, టైర్లు 46,000, ఇంజను, పెట్రోలు గొట్టములు 55,000, విద్యుత్తీగలు 14,000, మొదటి యేడు పైమెఱుగులకు పోయినది 40,000. ఈ కడపటి పద్దు మా అవివేకమునకు మూల్యము. బండిని నేడు అమ్మినను పెట్టిన సొమ్ము రాదు. లాభమాశించువారు ఈ పనికి దిగవలదని స్పష్టముగా చెప్పుచున్నాము. అప్పు చేసి దిగుట బొత్తిగా కూడదు. ప్రాణప్రదమైన రేకు పూర్తిగా కుళ్లిన బండిని ప్రభుత్వానుమతి గల తుక్కు కేంద్రమునకు ఒప్పగించుటయే మేలు.

శ్రీశైలపు దారి

2024 చలికాలమున మాచర్ల మీదుగా యర్రగొండపాలెము, దోర్నాల దాటి, నల్లమల అడవిలో శ్రీశైలమునకు బయలుదేరితిమి. కుఱ్ఱవాడు ఏయే ఊరు ఏ వేళకు చేరవలెనో ముందే పట్టిక వ్రాసెను. చట్టమొప్పిన వేగమునకు మించరాదని మేము షరతు పెట్టితిమి. ఎక్కుడులో వేడిముల్లు పైకి పోగా, నీడను నిలిపి, రేడియేటరు మూతను ముట్టక, ఇంజను చల్లబడువఱకు వేచియుంటిమి. వేడిమీద మూత తీసినచో మరుగునీరు ముఖముపై చిమ్మును. ఆ విరామముచే పట్టిక తప్పినది; కుఱ్ఱవాడు చిన్నబుచ్చుకొనెను. బండి చేరుటయే గెలుపని వానికి జోగిందర్ సింగు కథను వానిచేతనే మరల చెప్పించితిమి.

దిగుడున బండిని నడపినది నడిమి తమ్ముడు. డ్రమ్ము బ్రేకులను అదేపనిగా త్రొక్కినచో కాగి పట్టు తప్పును గనుక, ఎక్కిన గేరుననే దిగుచు, బ్రేకును అప్పుడప్పుడు మాత్రమే త్రొక్కుచు తెచ్చెను. ఇల్లు చేరిన తరువాత తాళపుచెవిని మాకీయక తన జేబులోనే వేసికొనెను. నాటినుండి దాని నూనె, గ్రీజు, జమాఖర్చు అన్నియు వాని చేతిలోనే ఉన్నవి.

సభ్యులారా! మీ ఇంటనో, మన సంఘపు గిడ్డంగిలోనో మూలబడిన యంత్రము దేనినైనను బాగుచేయ బూనినప్పుడు, మొదట అది ఎవరికి హాని చేయగలదో చూడుడు. అందముల మాట తరువాత. లెక్క వ్రాయుడు. వద్దనువానిని శత్రువుగా తలపక వాని చేతనే తనిఖీ చేయింపుడు.

మా కారు చెరువుకట్ట మీద పోవునపుడెల్ల ఆ ముసలమ్మ గేదెలను ప్రక్కకు తోలి, "బ్రేకులు చూచుకొంటిరా నాయనా?" అని అడుగును. చూచుకొంటిమని నిజముగా చెప్పగలుగుటయే మాకు చాలును.